ఇరుక్కుపోయిన బోల్టు

"ఈ పని చేసినవాడి చెయ్యి విరగ!" అని షెడ్డు రేకులు అదిరేలా అరిచాడు అన్న.

పాత కారు ముందు మూత తెరిచి ఉంది. సైలెన్సర్ గొట్టాన్ని ఇంజన్‌కి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకదాని తల తెగిపోయింది. మిగతా ముక్క ఇంజన్ లోపలే, పట్టుకోవడానికి పిసరంత అంచు కూడా లేకుండా ఇరుక్కుపోయింది. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది.

గుమ్మంలో పనిముట్ల సంచితో తమ్ముడు నిలబడ్డాడు. ఇలాంటి ముక్కల్ని ఇంజన్ చెడకుండా తీయగల చెయ్యి ఆ ఊళ్ళో అతనిదొక్కటే. వదిన ఫోన్ చేసి పిలిచిందని వచ్చాడు, అన్న మీద ప్రేమతో కాదు. అన్నదమ్ములకి మాటల్లేవు. ఇద్దరూ కలిసి బాగుచేసుకున్న ఈ కారుకి ఏ రంగు వేయాలన్న దగ్గర పుట్టిన గొడవ అది. అన్నకి నలుపు కావాలి, తమ్ముడికి మీగడ రంగు. కారు మాత్రం ఇంకా ప్రైమర్ పూతతో బూడిద రంగులోనే ఏడుస్తోంది.

"పానాకి ఇనప గొట్టం తొడిగి, బలమంతా వేసి తిప్పితే తప్ప ఈ బోల్టు ఇలా తెగదు," అన్నాడు అన్న, భార్య వైపు తిరిగి. "షెడ్డు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో నీ మరిదిని అడుగు."

తమ్ముడు సంచి నేలకేసి కొట్టాడు. "ఎల్లుండి ఊరొదిలి పోతున్నవాణ్ణి! ఇల్లు ఖాళీ చేశాను, అక్కడి మెకానిక్ షెడ్డాయనకి పనిలో చేరతానని మాటిచ్చాను. పోతూ పోతూ నా చేతులతో చేసుకున్న కారుని నేనే పాడుచేస్తానా? మీ ఆయన్నే అడుగు వదినా!"

"పోయేవాడు పోక ఈ ఉపన్యాసాలెందుకో అడుగు."

ఇద్దరికీ మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత. అయినా ప్రతి మాటా వదిన మీదుగా చుట్టు తిరిగే రావాలి.

తమ్ముడు ముక్క చుట్టూ కిరసనాయిలు పోశాడు. అది నానాలి. నానేలోపు ఊరుకున్నారా?

"మీగడ రంగు వేస్తే అది కారులా ఉంటుందో, పాలగిన్నెలా ఉంటుందో అడుగు."

"నలుపు వేస్తే శవాల బండి అనుకుని జనం దారి ఇస్తారని చెప్పు."

"చెప్పు, అడుగు, చెప్పు, అడుగు! మీ ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయా?" వదిన గొంతు చించుకుంది. "వాడు పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఏమో! ఈ కాస్త సమయం కూడా నన్ను మధ్యలో పెట్టుకునే కొట్టుకుంటారా?"

తమ్ముడు తెగిన ముక్క నట్టనడుమ మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. ఆ దెబ్బలో సగం అన్నకే. పడిన గుంటలో డ్రిల్లు ఆనించాడు. సన్నటి బెజ్జం పడాలి. అందులో ఎదురు మరలున్న పిన్ను దిగ్గొట్టి వెనక్కి తిప్పితే ముక్క కదులుతుంది. బెజ్జం పక్కకి పోయిందా, ఇంజన్ లోపలి మరలు తెగిపోతాయి. ఇక కారుని తూకానికి వేసుకోవాల్సిందే.

"దీపం పట్టుకోమను," అన్నాడు తమ్ముడు.

అన్న పళ్ళు నూరుతూనే పట్టుకున్నాడు. డ్రిల్లు గీపెట్టింది. ఇనప రజను రాలింది.

"డ్రిల్లు కిందికి వాలుతోందని చెప్పు," అన్నాడు అన్న.

"ఏమిటీ? ఈ మోతలో వినపడట్లేదు," అంది వదిన.

"ఒరేయ్, కిందికి వాలుతోందిరా! చెయ్యి ఎత్తు!"

"ఎంత అన్నయ్యా?"

"వెంట్రుకవాసి. ఆఁ, అంతే. అలాగే ఉంచు. కంగారుపడకు."

"దీపం కాస్త ఇటు జరుపు. కళ్ళల్లో పడుతోంది."

వదిన ఊపిరి బిగబట్టి వింటోంది.

పిన్ను దిగింది. దాన్ని తిప్పే పిడి ఒక్కడికి కదల్లేదు, ఇద్దరూ పట్టుకున్నారు. కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. ముక్క మెల్లగా తిరుగుతూ బయటికొచ్చి అన్న అరచేతిలో పడింది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఎదుటివాడి నవ్వు కంటబడగానే మొహాలు మళ్ళీ ముడుచుకున్నాయి.

తమ్ముడు కొత్త బోల్టు బిగించి సంచి భుజాన వేసుకున్నాడు. "పని అయిపోయింది. నేనిక ఈ గడప తొక్కనని చెప్పు వదినా."

"ఇక్కడెవరూ కాళ్ళు పట్టుకుని బతిమాలలేదని చెప్పు."

అటు వీధి తలుపు, ఇటు ఇంటి తలుపు ఒకేసారి ధడాలుమన్నాయి.

షెడ్డులో వదిన ఒక్కతే మిగిలింది. పాత టైర్ల వెనక్కి వెళ్ళి, తను దాచిన ఇనప గొట్టాన్ని బయటికి లాగింది. దాన్ని పానాకి తొడిగి, పక్క బోల్టు మీద ఒంటి బరువంతా వేసింది.