క్లెయిమ్ గడువు

"ఈ కాగితం పోదు సార్" అన్నాడు కౌంటరులో కూర్చున్న కొత్త ఆఫీసరు మహిపాల్.

మిర్చి వ్యాపారి ఓంప్రకాశ్‌కు చిరాకు వేసింది. హన్మకొండలోని ఆ బ్యాంకులో అతనిది పదిహేనేళ్ల ఖాతా. మహిపాల్ వచ్చి రెండు నెలలు కాలేదు.

"ఏమైంది?"

"మీ మిర్చి ఇన్సూరెన్స్‌ల, సరుకు నష్టమైతె మార్చి ముప్పై ఒకటి లోపలనే క్లెయిమ్ అడగాలని రాసిండ్రు. అసొంటి గడువుంటె మలేషియా బ్యాంకు తీసుకోదు."

"ఓడ పోయి వారమాయె. కొనేటోని బ్యాంకు పైసలిస్తనని హామీ పత్రం పంపింది. ఇంకేం గావాలె?"

"కాగితాలన్నీ సక్కగుంటెనే ఆ హామీ సార్. ఇన్సూరెన్సోళ్లతోని ఆ ఒక్క లైను తీయించుకొని రాండ్రి. కాగితాలు పంపెతందుకు ఇంకా ఐదు రోజులున్నయి."

ఓంప్రకాశ్ గొంతు తగ్గించాడు.

"నీకేమన్న గావాల్నా తమ్మీ? సీదా చెప్పు."

మహిపాల్ ముఖం ఎర్రబడింది.

"నాకేం వద్దు సార్. లైను తీయించుకొని రాండ్రి."

ఓంప్రకాశ్ మర్నాడే పై ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చాడు, కొత్త ఆఫీసరు లంచం కోసం కాగితాలు తొక్కిపెడుతున్నాడని.

తప్పులుంటే బాధ్యత ఓంప్రకాశ్‌దేనని అతనితో రాయించుకొని, బ్యాంకు మేనేజరు ఆ కాగితాలను ఉన్నవి ఉన్నట్టే పంపించడానికి ఒప్పుకున్నాడు.

అది రాసిచ్చి ఓంప్రకాశ్ బ్యాంకు మెట్లు దిగుతుంటే మహిపాల్ వెనకాలే వచ్చాడు.

"సార్, జర ఆపమనుండ్రి. ఇన్సూరెన్స్ ఆఫీసుకు నేనే ఫోన్ చేసిన. మీరు మెయిల్ పెడితె ఎల్లుండికి కొత్తది ఇస్తమన్నరు."

"నీ పని నువ్వు చూస్కో" అని ఓంప్రకాశ్ కారెక్కాడు.

ఎనిమిదో రోజు మలేషియా నుంచి జవాబొచ్చింది. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ గడువు ఉంది కాబట్టి కాగితాలు తిరస్కరించామని.

ఈలోగా అక్కడ మిర్చి ధర పడిపోయింది. కొనేవాడు ఒప్పుకుంటే ఆ తప్పును వదిలేసేవారే. అతను ఒప్పుకోలేదు. తర్వాత ఫోనే ఎత్తలేదు. కొత్త ఇన్సూరెన్స్ కాగితం చేతికొచ్చేసరికి హామీ పత్రానికే గడువు తీరిపోయింది.

సరుకు పరాయి రేవులో ఉండిపోయింది. ఎరుపు తగ్గుతున్న మిర్చిని ఏజెంటు ఫొటోలు తీసి పంపాడు. వెనక్కి తెప్పిద్దామంటే కిరాయే సరుకు ధరను మించింది.

ఓంప్రకాశ్ బ్యాంకుకు వెళ్లాడు. కౌంటరులో వేరే అమ్మాయి ఉంది.

"మహిపాల్ సారా? ఏటూరునాగారం పంపిండ్రు. ఇంక్వైరీ నడుస్తాంది."

"నా కంప్లైంటు వాపస్ తీసుకుంట."

"ఇప్పుడు తీసుకున్నా ఇంక్వైరీ ఆగదు సార్."

పైసలు తర్వాత తీసుకుంటామని ఉద్దెరకు మిర్చి ఇచ్చిన రైతులు రోజూ ఏనుమాముల మార్కెట్లోని అతని గోదాముకు వచ్చి అరిచి పోతున్నారు. నర్సంపేట దిక్కు నుంచి వచ్చే సోమక్క మాత్రం అరవదు. పొద్దున వచ్చి గోడవారగా కూర్చుంటుంది. సాయంత్రం బస్సుకు పోతుంది.

ఒక రోజు ఓంప్రకాశే ఆమె దగ్గరికి వెళ్లాడు.

"రోజూ ఎందుకొస్తవ్ అవ్వా? పైసలిప్పట్ల రావు. అసలే రావేమో."

"ఎరికే సేటూ. ఇంటికాడుంటె ఎరువుల దుకాణపోడు వస్తాండు. ఆనికి మొఖం సూపెట్టలేక ఈడ కూసుంటాన."

"కొడుకులు లేరా?"

"ఒక్కడే. బ్యాంకుల నౌకరి. మన మిర్చి కాయితాలు ఆని చేతికే వచ్చినయట. మన పంట అండ్ల ఉన్నదని బ్యాంకుల ఎవ్వలకు చెప్పలేదట, చెప్తె బాగుండదని."

ఓంప్రకాశ్ మెల్లగా ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"పేరేంది?"

"మహిపాల్" అంది సోమక్క. "ఆ కాయితాలు సక్కగ చేపియ్యాలని శాన తండ్లాడిండట సేటూ, ఎవలో లంచమడిగిండని రాసిండ్రు."