కుడివైపు పూస

"లాగడం చేతకాక రావడం లేదంటున్నావ్!" ప్రొఫెసర్ థీసిస్ కట్టను బల్ల మీద విసిరేశాడు. "దీని మీద నేను సంతకం పెట్టను."

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి చెదిరిన కాగితాలు సర్దుకుంది. "ఏళ్ల తరబడి లాగుతూనే ఉన్నాను సార్. కణం పొరని ఎడమవైపు లాగితే ఆ బిగువు కుడివైపుకి చేరడం లేదు. లోపలినుంచి సన్నటి పోగులు పొరని పట్టుకుని ఉన్నాయి. ఎక్కడి లాగుడు అక్కడే ఆగిపోతోంది."

"పొరంటే పల్చటి నూనెలాంటిదమ్మా! ఇక్కడ లాగితే రెప్పపాటులో అక్కడ తెలియాలి. నా పుస్తకంలో రాశానుగా, చదవలేదా?"

"నేను చదివాను సార్. కణమే చదవలేదు."

ఆయన ముఖం కందగడ్డయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషాయన. "పద, నేనే లాగి చూపిస్తా. బిగువు కుడివైపుకి రాకపోతే ఈ పూటే సంతకం పెడతా. వచ్చిందా, మొదటినుంచీ మళ్లీ రాస్తావ్. సరేనా?"

"సరే సార్."

మైక్రోస్కోపు ముందు ఆయనే కూర్చున్నాడు. కంటికి ఆనని రెండు పూసల్ని కణానికి చెరోవైపు అంటించి, లేజర్ కాంతితో పట్టుకున్నాడు. ఎడమ పూసని మెల్లగా లాగాడు. పొరలోంచి సాలెపోగులాంటి దారం సాగింది. తెరమీద ఎడమ పూస బిగువు చూపే గీత జివ్వున లేచింది. కుడి పూస గీత స్కేలు పెట్టి గీసినట్టు అలాగే ఉంది.

"పూస సరిగ్గా అంటుకోలేదు." మార్చాడు. ఊహూఁ. "గది వేడిగా ఉంది." ఏసీ పెంచాడు. కుడి గీత ఉలకలేదు, పలకలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆయనకే అనిపించింది. దాంతో ఒళ్లు ఇంకా మండింది. "ఈ లేజర్‌కి బలం చాలదు!" అంటూ మీట తిప్పేశాడు.

"అంత పెంచకండి సార్, కణానికి వేడి తగులుతుంది."

"నాకు నేర్పుతున్నావా?"

జేబులో ఫోన్ మోగింది. భార్య. "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది."

"ఇక్కడ నా పరువు చల్లారిపోతోంది!" కసిరి ఫోన్ పెట్టేశాడు. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. మళ్లీ. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇన్నేళ్లు ఇంతమందికి పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క కణం చేత ఔననిపించలేనా?

కుడి గీత లేచింది.

ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎడమ పూసని వదిలాడు. కుడి గీత దిగింది. లాగాడు. లేచింది!

"చూశావా!" కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు. తలుపు తీసి వరండా దద్దరిల్లేలా కేకేశాడు. పక్క ల్యాబుల వాళ్లు వచ్చారు. భోజనం మధ్యలో ఉన్న విభాగాధిపతి చేయి తుడుచుకుంటూ వచ్చాడు. అందరి ముందూ ప్రొఫెసర్ పూసని లాగాడు. చెప్పినమాట వినే పిల్లలా కుడి గీత లేచి నిలబడింది. చప్పట్లు మోగాయి.

పొద్దుటినుంచీ గుండెలో ఉన్న బరువు దూదిపింజలా ఎగిరిపోయింది ఆయనకి. "ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు, మీసం లేకపోయినా దువ్వుకుంటూ.

అందరూ తెరవైపు చూస్తుంటే ఆ అమ్మాయి మాత్రం మైక్రోస్కోపులోకి వంగి చూస్తోంది. కాసేపటికి తలెత్తింది.

"పోగులన్నీ పట్టు వదిలేశాయి సార్," అంది మెల్లగా. "ఈ కణం చచ్చిపోయింది."