గొంతుకి సరిపడే సాఫ్ట్‌వేరు

“ఈ సాఫ్ట్‌వేరులో నా గొంతు పలచబడుతోంది,” అన్నాడు ఆడిటరు, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంటూ.

“ఇంకా పాడనేలేదుగా, పలచబడటానికి?” అంది గుమ్మంలో నిలబడ్డ భార్య. ఆమె బళ్ళో లెక్కల టీచరు. లెక్క తేలకపోతే ఊరుకోదు.

“‘హలో’ అన్నానుగా. గొంతు తెలిసినవాడికి హలో చాలు.”

సామాన్ల గది ఖాళీ చేయించి ఆయన ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నాడు. గోడలకి నల్లటి స్పాంజి పలకలు అంటించాడు, కిటికీకి దళసరి పరదా కట్టాడు. మైకుని నడిమధ్యన నిలబెట్టాడు. దాని మీద దుమ్ము కూడా ఎవర్నీ దులపనివ్వడు. ఇక మిగిలింది పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేరు ఒక్కటే. బండి అక్కడే ఆగిపోయింది.

ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టి బతికే మనిషి, సాఫ్ట్‌వేరుని మాత్రం వదులుతాడా? నల్ల తెరది కళ్ళు మండిస్తుందన్నాడు. నీలం తెరది మీట నొక్కాక రెప్పపాటు ఆలస్యంగా మేలుకుంటుందన్నాడు. బూడిద రంగుది అన్నీ సరిగ్గానే చేస్తుంది, కానీ అన్నీ సరిగ్గా చేసేదాన్ని అస్సలు నమ్మకూడదట. ఉచితంగా వాడుకోమన్న గడువు తీరేదాకా ఒకదాన్ని పరీక్షించడం, తీరిన మర్నాడే ఇంకోదాని వెంట పడటం.

ఇదంతా ఒక్క పాట కోసం. పెళ్ళికి ముందు ఆయన ఆమెకో క్యాసెట్టు ఇచ్చాడు. ఆమె కోసం తనే రాసిన పాట అందులో ఉంది. అది విన్నాకే ఆమె పెళ్ళికి సరేనంది. కిందటేడు పాత టేప్‌రికార్డరు ఆ టేపుని నమిలి ముక్కలు చేసింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. “ఇంకొక్కసారి పాడి రికార్డు చేసి పెట్టండి, అంతకన్నా నాకేమీ వద్దు,” అంది.

“పాడితే స్టూడియోలోనే పాడతా,” అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆయన నోట ఆమె కూనిరాగం కూడా వినలేదు. అడిగితే, వట్టి గాల్లో పాడితే గొంతు పాడవుతుందనేవాడు.

ఆయనకో సలహాదారుడున్నాడు. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు, ఇప్పుడు మైకులూ వైర్లూ అమ్మే షాపు నడుపుతున్నాడు. మండుటెండలో కూడా మెడకి మఫ్లరు, మాటంతా ముక్కుతోనే. పెళ్ళయినప్పటినుంచీ ఆమె చూస్తున్న జలుబే అది. అందుకే అతన్ని ‘జలుబన్నయ్య’ అంటుంది. వచ్చినప్పుడల్లా అందరికీ కాఫీ, అతనికి వేణ్ణీళ్ళు.

‘హలో’తో గొంతు పరీక్షించిన ఆ రోజు కూడా అతను స్టూడియోలో కూర్చుని వేణ్ణీళ్ళు చప్పరిస్తూ, “తొందరేముంది చెల్లెమ్మా?” అన్నాడు ముక్కుతో. “సాఫ్ట్‌వేరంటే పెళ్ళి లాంటిది. బాగా చూసి చేసుకోవాలి.”

“నేను చూసి చేసుకోలేదన్నయ్యా, విని చేసుకున్నాను.”

స్నేహితులిద్దరూ ఒకేసారి కిందకి వంగి వైర్లు సర్దడం మొదలుపెట్టారు.

“వచ్చే ఆదివారం మా పెళ్ళిరోజు,” అందామె. “ఆ రోజు నేను పాట వినాలి.”

“సాఫ్ట్‌వేరు తేలందే ఎలా?” అన్నాడు ఆడిటరు కింద నుంచే.

“తేల్చేశాను. బూడిద రంగుది కొన్నాను. వాడటం కూడా నేర్చుకున్నాను. ఎర్ర మీట నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. దీనికా ఏడాది పరీక్షలు?”

ఆడిటరు ముఖం వెలవెలబోయింది. “అది కాదు... మనిషెవరన్నా ఉంటే గదిలో శబ్దం మారిపోతుంది. నువ్వు ఎదురుగా ఉంటే...”

“నేను బయటే కూర్చుంటాను. మీట నొక్కడానికి అన్నయ్యని లోపల ఉంచుకోండి. ఆయనకి అలవాటేగా.”

ఆడిటరుకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. “అదీ మాట! వాడుంటే నాకు ధైర్యం,” అన్నాడు. ఒక మనిషి ఉంటే మారే శబ్దం ఇంకో మనిషి ఉంటే ఎందుకు మారదో లెక్కల టీచరు అడగలేదు.

ఆదివారం స్టూడియో తలుపు మూసుకుంది. ఆమె హాల్లో తలుపుకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుంది. లోపల గుసగుసలు, ఏదో కింద పడ్డ చప్పుడు, “ఊఁ, కానీ” అన్న మాట. తర్వాత పాట.

‘నువ్వు దాటి వెళ్ళిన తలుపు, ఇంకా ఊగుతూనే ఉంది...’

అదే గొంతు. వయసుతో కాస్త బరువెక్కింది గానీ, అచ్చంగా అదే. ప్రతి మాటకీ ఆమె పెదవులు కదిలాయి. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదకి జారుతున్నా తుడుచుకోలేదు. ఏడాదిగా ఆకలేసినట్టున్న ప్రాణం కుదుటపడింది.

తలుపు తెరుచుకుంది. ఆడిటరు చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చాడు. “ఎలా ఉంది?” అన్నాడు బెదురుగా.

“అప్పటిలాగే ఉంది. ఆ మాటలు మీకు తప్ప ఇంకెవరికి తడతాయండీ?” అని ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది నిజంగానే అంది.

“నాదేముంది, అంతా సాఫ్ట్‌వేరు గొప్పతనం,” అన్నాడాయన వినయంగా. “మంచిది ఎంచావు.”

వెనకాలే స్నేహితుడు మఫ్లరు చుట్టుకుంటూ వచ్చాడు. “వీడు ఇరగదీశాడు చెల్లెమ్మా,” అన్నాడు ముక్కుతో.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసుతో వేణ్ణీళ్ళు తెచ్చింది. పాడి అలిసిన మనిషిలా ఆడిటరు చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటి వెళ్ళి, గ్లాసు స్నేహితుడికి అందించింది.

“అప్పుడూ ఇప్పుడూ, పాడేటప్పుడు మాత్రం మీకు జలుబుండదేం అన్నయ్యా?”