లోపల ఎంతమంది

ఆరుగురు నర్సులు ఉండాలన్నది నిబంధన. తనిఖీ అధికారి ఆరుగురినీ లెక్కపెట్టి, తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. ఆయన జీపు మలుపు తిరగ్గానే, కోలారు నుంచి అద్దెకు తెచ్చిన ఐదుగురు అమ్మాయిలు తెల్ల యూనిఫారాలు విప్పి మేనేజరుకిచ్చి వ్యాను ఎక్కేశారు.

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఆ వృద్ధాశ్రమానికి అసలు నర్సు సెలీన్ ఒక్కతే. ఆమె మందుల ట్రే తీసుకొచ్చేసరికి, ఆశ్రమంలో ఉంటున్న ముసలాయన ఆరోగ్యస్వామి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గని వాకిట్లో నిలబడి, దిగినవాళ్ళనూ పైకొచ్చినవాళ్ళనూ లెక్కపెట్టడం ఒకప్పుడు ఆయన ఉద్యోగం. గని మూతపడిన సంగతి ఇప్పుడు ఆయనకు గుర్తులేదు.

"పొద్దున ఆరుమంది దిగినారు. ఇప్పుడు నువ్వొక్కదానివే కనిపిస్తా ఉండావు. మిగతావాళ్ళు యాడమ్మా?"

"షిఫ్టు అయిపోయింది అప్పా. అందరూ పైకి పోయినారు."

ఆరోగ్యస్వామి ఊపిరి పీల్చుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. నాలుగు గదుల్లోంచి ఒకేసారి "నర్సమ్మా" అని పిలుపులు వినిపించాయి. సెలీన్ కదలబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క మనిషిని లోపల పెట్టి పని చేయించేదానికి రూల్ లేదు. నువ్వూ పైకి పోమ్మా. మేనేజరు అడిగితే నేను చెప్పుకుంటా."