తల తగ్గకూడదు

"మా అబ్బాయి ఆర్డరు ముందు కొట్టమ్మా. మధ్యాహ్నం ఓడకే వెళ్లాలి వాడు," అంటూ కల్నల్ ఒక చీటీ టైపిస్టు ముందు పెట్టాడు.

చీటీ చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏడో స్థావరం! నీడా, మంచినీళ్లూ, ఆస్పత్రీ ఉన్న దీవి. సొంత కొడుక్కి అది. ఆమె తమ్ముడికి మాత్రం పదకొండోది, గడ్డిపరక మొలవని రాతిగుట్ట. రెండేళ్లకని వెళ్లినవాడు నాలుగేళ్లయినా తిరిగి రాలేదు.

"మా తమ్ముడి సంగతి కాస్త చూడండి సార్. అమ్మ మంచం పట్టింది. వాణ్నే కలవరిస్తోంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? శత్రువు దుర్భిణీ పెట్టి మన తలలు లెక్కపెడుతుంటాడు. ఏ దీవిలోనూ ఒక్క తల తగ్గకూడదు. బదులు మనిషి దిగాకే పాతవాడు ఓడెక్కాలి. అదే మన వ్యూహం."

ఆ దిక్కుమాలిన వ్యూహం రాసిందీ ఈయనే. తండ్రి పోయినప్పుడూ ఇదే పాట పాడాడు. తమ్ముడు కడచూపుకైనా నోచుకోలేదు.

'ఊరివాళ్ల పిల్లలకు రాళ్లు, నీ పిల్లాడికి నీడానా? వాణ్నీ కొన్నాళ్లు ఎండనీ!' అని పళ్లు కొరుక్కుంటూ, 'ఏడు' ఉండాల్సిన చోట 'పదకొండు' కొట్టేసింది.

సంతకాలు పెట్టేటప్పుడు కల్నల్ ఏ కాగితమూ చదవడు. ముప్ఫై కాగితాలతో పాటు దాని మీదా గీకి పారేశాడు. కవరుకు సీలు పడింది. ఓడ కదిలాక కెప్టెన్ తప్ప దాన్ని ఎవరూ విప్పరు.

మధ్యాహ్నం రేవులో ఓడ కూత వేసింది. ఆమె కసి చల్లారింది.

కల్నల్ కళ్లు తుడుచుకుంటూ రేవు నుంచి వచ్చాడు.

"కన్నవాళ్ల బాధ ఇప్పుడు తెలిసిందా సార్?" అంది ఆమె, ఉండబట్టలేక.

"తెలిసే పంపానమ్మా. ఓడ కదిలేదాకా నోరు విప్పకూడదు గనక పొద్దున నీకు చెప్పలేదు. మీ తమ్ముడికి రాతిగుట్ట మీద జబ్బు చేస్తే, కాగితం లేకుండా వైర్‌లెస్‌లోనే చెప్పి, నిరుడే ఆస్పత్రి ఉన్న ఏడో స్థావరానికి మార్పించాను, అక్కడివాణ్ని ఒకణ్ని గుట్ట మీదికి పంపి. ఉత్తరాల్లో దీవి పేరు రాయకూడదు కదా, నీకెలా తెలుస్తుంది? వాడి వైర్‌లెస్ పని వచ్చినవాడు ఒక్కడూ దొరకలేదు. చివరికి మావాడికే నేర్పించాను. వాడు ఏడులో దిగగానే, మీవాడు అదే ఓడెక్కి ఇంటికొచ్చేస్తాడు."