గడ్డివాము దాకా

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, స్వామి దయవల్ల ఓ గేదె కథ చెప్తాను.

కాలి దెబ్బ మానినా ఆ గేదె పాకలోనే పడుకునేది. ఒంటినిండా రక్తం పీల్చే పిడుదులు. మడుగులో మునిగితే తప్ప ప్రాణానికి సుఖం లేదని ఒకనాడు లేచింది. కాళ్లు వణికాయి.

"నీకెందుకొదినా ఈ అవస్థ? హాయిగా పడుకో" అంది వీపు మీది కాకి.

గేదెకు ఒళ్లు మండింది. "నేను పడుకుంటే నీకు కూర్చున్నచోటే పిడుదుల విందు. అది చెప్పకుండా నా మీద జాలి ఒకటా?" అని తోకతో ఒక్కటిచ్చింది.

ఆ రోజు గడ్డివాము దాకా నడిచేసరికే ఆయాసమొచ్చి వెనక్కి తిరిగింది. కాకి నవ్వింది. మర్నాడు ఒళ్లంతా నొప్పులు. అయినా మళ్లీ లేచింది. అలా రోజూ ఇంకాస్త దూరం నడుస్తూ ఒకనాటికి మడుగు చేరి, మెడదాకా మునిగింది. కాకి గట్టునే ఉండిపోయింది.

కథంతా మరిచినా, నొప్పులతో మర్నాడు లేచిందే, అది మాత్రం గుర్తుంచుకోండి. రేపు నొప్పులున్నా మీరూ లేవండి.