ఎనిమిదో ఇల్లు

“ఇంకో రెండంగుళాలు దించు మేస్త్రీ,” అంది ఆమె, మోచేయి ఆనించి ఎత్తు చూసుకుంటూ.

టైల్స్ షాపు నడిపే ఆమె భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. పొద్దున తను షాపుకు వెళ్లేటప్పుడు నిక్షేపంగా ఉన్న వంటగట్టు ఇప్పుడు నడుము విరిగి కూర్చుంది. అవతల రెండు పడగ్గదుల మధ్య గోడే లేదు.

“ఏమిటే ఇది? మూడు గదుల ఇల్లు రెండు గదులైపోయింది! రేపు అమ్మాలంటే ఎవడు కొంటాడు?”

“అమ్మడం దేనికి? నేను పొట్టిదాన్ని. ముప్పై ఏళ్లుగా పీటెక్కి వండుతున్నాను.”

“వచ్చేవాళ్లు పొడుగైతే?”

“వంగి వండుకుంటారు.”

మేస్త్రి నవ్వాపుకోలేక సిమెంటు బస్తా వెనక్కి నక్కాడు.

ఆయన లెక్క వేరు. ఇల్లంటే కాస్త ఆలస్యంగా అమ్ముడుపోయే సరుకు. పెళ్లయ్యాక ఏడిళ్లు కొన్నాడు, ఏడూ అమ్మాడు. ఏ గోడకూ మేకు కొట్టనివ్వలేదు. కొనేవాడి కంటికి ఆనాలని రంగు కూడా తెలుపు తప్ప వేయనివ్వలేదు. ఆమెకు కబురు చెప్పేది మాత్రం సంతకాలయ్యాకే. ముందే చెబితే ఏడుస్తుంది, ఆ ఏడుపుకు తను మెత్తబడతాడు.

ఈ ఎనిమిదోదానికీ బేరం కుదిరింది. రేపే అగ్రిమెంటు. పార్టీ ఎవరో బ్రోకరు చెప్పలేదు, ఈయన అడగలేదు. సరుకు కొనేవాడి పేరుతో తనకేం పని?

ఇప్పుడు చెప్పనూ లేడు, ఆపనూ లేడు.

“బ్యాంకులో అంతకాలం పనిచేసి మొన్నేగా రిటైరయ్యావు. వచ్చిందంతా ఈ గోడలకు పూస్తావా?”

“డబ్బు నాది, నొప్పులు నావి. మీకేం పోయింది?” అంది ఆమె. “మేస్త్రీ, కిటికీ కింద కూర్చోడానికి గట్టు కట్టు. కాళ్లు చాపుకునేంత ఉండాలి.”

ఆయన బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ బ్రోకరుకు ఫోన్ చేశాడు.

“పార్టీని ఇటు రానివ్వకయ్యా. చూస్తే పారిపోతారు.”

“చూశారు సార్. బాగుందన్నారు.”

“గోడ కొట్టేసిన సంగతి తెలుసా?”

“తెలుసు. ఇంకో మాట సార్. మిమ్మల్ని ఖాళీ చేయమనరట. ఉంటానంటే ఉండొచ్చట.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. తన అనుభవంలో ఇంత మెత్తగా ఉండే పార్టీ ఆఖరి నిమిషంలోనే మెలిక పెడుతుంది. ధర తగ్గించమంటుంది, లేదంటే మాయమైపోతుంది. ఈ పడగొట్టిన ఇల్లు ఇక తన నెత్తినే.

మర్నాడు భార్యకు సరుకు లారీ వస్తోందని అబద్ధం చెప్పి బయటపడ్డాడు. షాపులో కాలు నిలవలేదు. చెప్పిన టైముకు గంట ముందే బ్రోకరు ఆఫీసులో వాలాడు.

“పార్టీ ఏదయ్యా?”

“లోపలి గదిలో ఉన్నారు. ముందు మీరు సంతకం పెడితే తర్వాత పెడతామన్నారు.”

“మనసు మారలేదుగా?”

“మీకంటే తొందరగా ఉన్నారు సార్.”

ఆయన ధర రాసిన చోటు రెండుసార్లు చూసుకున్నాడు. మిగతాది చదివేందుకు ఓపిక లేదు. బ్రోకరు వేలు పెట్టిన చోటల్లా గబగబా సంతకాలు గీకి, కుర్చీలో వెనక్కి వాలి, నిన్నటి తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“పిలవవయ్యా ఆ మహానుభావుణ్ణి, ఒక దండం పెట్టుకుంటాను.”

బ్రోకరు లోపలి తలుపు తీశాడు.

పెన్ను మూత తీస్తూ ఆయన భార్య బయటికొచ్చింది.